రావెన్‌క్లఫ్ జట్టులో పదకొండోవాడు

రావెన్‌క్లఫ్,
1880 సెప్టెంబరు 19

అక్కకు,

నీ చేపల బుట్ట అందింది. పొగబెట్టినా హెర్రింగ్ వాసన హెర్రింగ్ వాసనే. రైల్లో ఆ బుట్ట పక్కన కూర్చున్నవాళ్ళు నిన్నేమని తిట్టుకున్నారో గానీ నేను మాత్రం రెండు పూటలూ దీవిస్తూ తిన్నాను.

దుకాణం బాగానే ఉంది. ఈ మధ్య జీనులకన్నా బంతులే ఎక్కువ కుడుతున్నాను. చుట్టుపక్కల ప్రతి ఊరికీ ఓ ఫుట్‌బాల్ క్లబ్బు వచ్చేసింది. మూడేళ్ళ కిందట, చలికాలంలో క్రికెట్ లేక చేతులు ముడుచుకు కూర్చోలేక మేం కొందరం ఈ వాండరర్స్ క్లబ్బు పెట్టుకున్నప్పుడు, "పెళ్ళాం లేనివాళ్ళకి ఏదో ఒక పని ఉండాలి కదా" అని రాశావు. ఇప్పుడు పెళ్ళాలున్నవాళ్ళే ఎక్కువ చేరుతున్నారు.

పాదిరిగారు ఈ ఏడు కూడా చర్చి పొలం ఆటకిచ్చారు. షరతులు అవే. ఆదివారం ప్రార్థనకు జట్టంతా రావాలి, పొలంలో బూతుమాట వినపడకూడదు. మొదటిది ఏదోలా నెట్టుకొస్తున్నాం. రెండోదానికి ఆయన చెముడు మాకు సాయపడుతోంది.

కెప్టెన్ని నేనే. మా వెనక వరసలో కాపు సైలస్ హెప్‌వర్త్. కొలిమిలో సమ్మెట వేసే మనిషి కదా, అతను నిలబడితే దారికి అడ్డంగా గోడ లేచినట్టే. మొన్న నీ సంగతి అడిగాడు. అడిగాడంటే, "విట్బీలో గాలి ఎక్కువటగా" అన్నాడు. పదేళ్ళ కిందట నువ్వు పెళ్ళికి కాదన్నప్పుడు కూడా ఇంతకన్నా ఎక్కువ మాట్లాడి ఉండడు.

వచ్చే నెల స్టోన్‌హే జట్టు మీద ఆట. ఆ కొండ మీది గొర్రెలకాపరులు మమ్మల్ని నిరుడు చితక్కొట్టారు.

నీ తమ్ముడు,
ఎనక్


విట్బీ,
సెప్టెంబరు 27

తమ్ముడికి,

బుట్ట ఖాళీ అయితే తిప్పి పంపు. అవి చెట్లకు కాయవు.

ఇంట్లో గదులన్నీ నిండాయి. వేసవికి వచ్చి సముద్రం చూసుకుని పోయేవాళ్ళు ఈసారి ఆలస్యంగా కదులుతున్నారు. మా ఆయన పడవతోపాటు పోయాక ఈ ఇల్లు అద్దెకిచ్చుకోవడం తప్ప నాకు దారిలేదని అందరూ జాలిపడ్డారు. నిజం చెప్పాలంటే నాకీ పని బాగుంది. ఎవరొచ్చినా వారానికి పోతారు.

నీ మోకాలు ఎలా ఉంది? ముప్ఫై దాటాక కుర్రాళ్ళతో పరిగెత్తితే ఏమవుతుందో నిరుడే చూశావు. కుక్క ఇంకా బతికే ఉందా?

సైలస్‌తో చెప్పు, ఇక్కడ గాలి ఎక్కువే గానీ అలవాటవుతుందని.

టాబితా


రావెన్‌క్లఫ్,
అక్టోబరు 20

అక్కకు,

ఈ ఉత్తరంలో కబుర్లు లేవు.

శనివారం స్టోన్‌హే జట్టుతో ఆడాం. వాళ్ళ జట్టులో ఎడమవైపు రూబెన్ క్రాస్లీ అని ఒకడు ఆడేవాడు. వాళ్ళ కెప్టెన్ ఐజక్‌కి తమ్ముడు. సన్నగా, చువ్వలా ఉండేవాడు, నోరు కూడా కాళ్ళంత వేగం. సైలస్‌ని దాటుకుని మూడుసార్లు పోయాడు. పోయినప్పుడల్లా వెనక్కి తిరిగి, "ఏం మావా, కొలిమి దగ్గరే నిద్రపోయొచ్చావా?" అనేవాడు. జనం నవ్వారు. మేమూ నవ్వాం.

నాలుగోసారి సైలస్ కదలకుండా నిలబడి భుజం ఇచ్చాడు. భుజానికి భుజం. రూల్సు ఒప్పుకునే దెబ్బే. రూబెన్ ఎగిరిపడ్డాడు. లేచాడు, నవ్వాడు, పక్కటెముకల కింద చెయ్యి పెట్టుకుని గీత అవతలికి వెళ్ళి కూర్చున్నాడు. "ఊపిరందాక వస్తా, మీరు ఆపకండి" అన్నాడు. మేం ఆపలేదు. గెలిచాం. సాయంత్రం పబ్బులో పాటలు పాడాం.

సోమవారం తెల్లవారుజామున రూబెన్ చనిపోయాడు. లోపల ఏదో పగిలిందని డాక్టరు అన్నాడు.

రేపు మరణ విచారణ. మా అందరికీ రమ్మని కబురొచ్చింది.

ఎనక్


విట్బీ,
అక్టోబరు 23

తమ్ముడికి,

ఉత్తరం చదివాను. ఆ తల్లి ఎవరో నాకు తెలియదు గానీ ఆమె కోసం ప్రార్థన చేశాను.

విచారణలో ఏమైంది? సైలస్ ఎలా ఉన్నాడు? తిండి తింటున్నాడా? కొలిమిలోకి వెళుతున్నాడా? వెంటనే రాయి. రెండు ముక్కలైనా చాలు.

టాబితా


రావెన్‌క్లఫ్,
అక్టోబరు 29

అక్కకు,

విచారణ పబ్బు మేడమీది గదిలో జరిగింది. మేం పాటలు పాడిన గదికి సరిగ్గా పైన. విచారణాధికారి షెఫీల్డ్ నుంచి వచ్చాడు. "గుర్రాలు చేయాల్సిన పని మనుషులు చేస్తూ దానికి ఆట అని పేరు పెట్టుకున్నారు" అన్నాడు. తర్వాత ఒక్కొక్కరినీ నిలబెట్టి అడిగాడు. ఐజక్ క్రాస్లీని కూడా. "మా తమ్ముడు ఆడుతూ పడ్డాడు. ఎవరి మీదా నేను చెప్పేదేం లేదు" అన్నాడు ఐజక్. సైలస్ వైపు మాత్రం చూడలేదు. వాళ్ళమ్మ రాలేదు.

సైలస్ వంతు వచ్చింది.

"అతనికి దెబ్బ తగలాలని కొట్టావా?"

సైలస్ టోపీ తిప్పుతూ నిలబడ్డాడు. "తెలీదు దొరా" అన్నాడు.

అధికారి కళ్ళజోడు తీసి, పెట్టుకుని, మరోలా అడిగాడు. "రూల్సు తప్పి కొట్టావా?"

"లేదు."

అదే రాసుకున్నారు. ప్రమాదం వల్ల మరణం అని జ్యూరీ తేల్చింది. దాంతో పని అయిపోయిందనుకున్నాం.

ఆ మర్నాడే సైలస్ గది తాళం ఇంటావిడకి ఇచ్చేసి వెళ్ళిపోయాడు. కొలిమిలోనూ చెప్పలేదు, నాతోనూ చెప్పలేదు. పాదిరిగారు పొలం గేటుకి గొలుసు వేయించారు. ఆయన్ని తప్పుపట్టలేను. జట్టులో కొందరు పెళ్ళాల మాట విని మానేశారు, కొందరు పెళ్ళాల పేరు చెప్పి మానేశారు.

సైలస్ ఎక్కడికి పోయాడో ఎవరికీ తెలియదు. నీకేమైనా తెలిస్తే రాయి.

ఎనక్


విట్బీ,
నవంబరు 21

తమ్ముడికి,

జవాబు ఆలస్యమైంది. గాలివానకు వంటింటి కప్పు లేచిపోయింది, బాగుచేయించాను. హెర్రింగ్ రోజులు అయిపోయాయి. రేవులో ఆడవాళ్ళు వలలు విప్పుకుంటూ కూర్చుంటున్నారు. వేసవి జనం పోయాక ఊరు మళ్ళీ ఊరిలా ఉంది. బొగ్గు పైకి మోయడానికి మనిషి దొరకడంతో నా నడుముకి కాస్త తెరిపి.

పక్కింటి మిసెస్ వీట్‌లీ మూడోసారి పెళ్ళి చేసుకుంటోంది. ఈయనకైనా ఈత వచ్చో లేదో కనుక్కోమన్నాను.

నీ మోకాలి సంగతి రాయలేదు. కుక్క సంగతీ రాయలేదు. మన పిన్ని దగ్గు తగ్గిందా? పాదిరిగారి చెముడు పెరిగిందా? రొట్టెల కొట్టువాడి కూతురికి సంబంధం కుదిరిందా? అన్నీ వివరంగా రాయి.

టాబితా


రావెన్‌క్లఫ్,
1881 ఫిబ్రవరి 13

అక్కకు,

క్రిస్మస్‌కి రాసిన కార్డు తప్ప నేను నీకేమీ రాయలేదు. రాయడానికేమీ లేక. ఇప్పుడు ఉంది.

మంగళవారం దుకాణంలోకి ఐజక్ క్రాస్లీ వచ్చాడు. తెగిన కళ్ళెం ఒకటి బల్లమీద పెట్టాడు. అది చూడగానే అర్థమైంది, కావాలని కోసుకొచ్చిన కళ్ళెం. నేను కుడుతుంటే నిలబడి చూశాడు.

"మీరు ఆడుతున్నారా?" అన్నాడు.

"గని మిట్ట మీద, ఉన్నవాళ్ళం. పదిమందిమే."

"ఎలా ఉంది?"

ఉన్నమాట చెప్పాను. ఎదురుగా ఎవడైనా బంతితో వస్తే, మీరు ముందు కానివ్వండి అన్నట్టు పక్కకు జరుగుతున్నాం. పెళ్ళి విందులో వియ్యాలవారి మర్యాదలా ఉంది మా ఆట.

"మాదీ అంతే" అన్నాడు ఐజక్. "ఎడమవైపు ఇప్పుడు నేనే ఆడుతున్నా. నేను వస్తుంటే నన్ను తాకేవాడే లేడు. నా మొహంలో మా వాడు కనిపిస్తాడేమో వాళ్ళకి. గోల్ మీద గోల్ వేస్తున్నా, చిరాకేస్తోంది."

తర్వాత అసలు సంగతి చెప్పాడు. మాతో మళ్ళీ ఆడాలట. సైలస్ ఉండాలట.

"ఎందుకు?" అన్నాను. వినడానికి మొరటుగా ఉన్నా అడగక తప్పలేదు.

"నా కారణం చెప్పాగా. ఇంకోటి మా అమ్మది. నేను ఆట మానేస్తానన్నా, వద్దంది. ఆ మనిషిని పిలిపించమంది. 'నా కొడుకు ఆడుతూ ఆఖరున చూసిన మొహం అది, నేనూ ఒకసారి చూడాలి' అంది. పోలీసుల్ని పెట్టి పిలిపించలేం గదా. ఆట పెడితే వస్తాడేమో."

పాదిరిగారిని నేను అడిగితే గేటు తీసేవారు కాదు. ఐజక్ తల్లిని తీసుకువెళ్ళి అడిగించాడు. గొలుసు తీసేశారు. మార్చి రెండో శనివారం అనుకున్నాం.

ఇక సైలస్ సంగతి. అక్టోబరులో నువ్వు రాసిన ఉత్తరం నిండా అతని గురించిన ప్రశ్నలే. నవంబరు ఉత్తరంలో మా కుక్క దగ్గర్నుంచి రొట్టెలవాడి కూతురి దాకా అందర్నీ అడిగావు. ఒక్క సైలస్‌ని తప్ప. మూడు నెలలు పట్టింది నాకది తట్టడానికి. మందబుద్ధినని చిన్నప్పుడే అనేదానివి కదా.

బొగ్గు మోసే ఆ మనిషికి ఈ ఉత్తరం చదివి వినిపించు.

ఎనక్


విట్బీ,
ఫిబ్రవరి 20

తమ్ముడికి,

నీ బుద్ధి అనుకున్నంత మందం కాదు.

అక్టోబరు ఆఖర్న వచ్చాడు. తలుపు తీస్తే వానలో నిలబడి ఉన్నాడు. "గాలి ఎలా ఉందో చూద్దామని" అన్నాడు. లోపలికి రమ్మన్నాను. పై గదిలో ఉంటున్నాడు. రేవు పక్క కొలిమిలో పడవల లంగర్లకి గొలుసులు చేస్తున్నాడు. దాచమని అతను అడగలేదు. దాచింది నేనే. ఊళ్ళోకి తెలిస్తే ఎవరో ఒకరు ఓదార్చడానికి బయల్దేరతారు, దాన్ని ఇంకా తట్టుకోలేడనిపించింది.

మొదట్లో మాటే లేదు. జనవరిలో ఒక ఆదివారం, గిన్నెలు కడుగుతుంటే వెనక నుంచి చెప్పాడు. "కోపంతో కొట్టానో, ఆటలో కొట్టానో నాకు తెలీట్లేదు. గుర్తు చేసుకుంటుంటే ఒకసారి అలా కనిపిస్తోంది, ఇంకోసారి ఇలా. మొదట ఎలా జరిగిందో అది చెరిగిపోయింది." కడిగిన గిన్నె తుడవమని అతని చేతికిచ్చాను. నీ దగ్గర ఏమైనా జవాబుందా?

ఇంకో సంగతి కూడా రాస్తాను. పదేళ్ళ కిందట అతన్ని నేను కాదనలేదు. నాన్న నా బదులు జవాబు చెప్పి పంపేశాడు. నాకు ఆర్నెల్ల తర్వాత తెలిసింది. అప్పటికి నా పెళ్ళి కుదిరిపోయింది, పెళ్ళికొడుకు మంచివాడు. అందుకని ఎవరికీ చెప్పలేదు. సైలస్ ఇన్నాళ్ళూ అది నా మాటే అనుకున్నాడు. ఇప్పుడు తెలుసు.

నీ ఉత్తరం చదివి వినిపించాను. తల్లి మాట దగ్గర, మళ్ళీ చదవమన్నాడు. చదివాను. కోటు వేసుకుని రేవులో రాతికట్ట మీదికి పోయాడు. దీపాలార్పే వేళకి తిరిగొచ్చాడు. ఇవాళ పొద్దున గంజి తాగుతూ, "ఐజక్ కుడికాలి మనిషి కదా, ఎడమవైపు ఎలా ఆడుతున్నాడు?" అన్నాడు.

కాబట్టి వస్తాడు. అతని బనీను నీ దగ్గరుంటే ఉతికించి ఉంచు.

టాబితా


రావెన్‌క్లఫ్,
మార్చి 13

అక్కకు,

సైలస్ నిన్న సాయంత్రం బండికే బయల్దేరాడు, ఈ ఉత్తరంకన్నా ముందే చేరతాడు. అతను పెద్దగా చెప్పడు కాబట్టి జరిగింది నేను రాస్తున్నాను.

జనం విపరీతంగా వచ్చారు. ఆట చూడ్డానికి వచ్చినవాళ్ళు కొందరు, ఇంకేదో చూడ్డానికి వచ్చినవాళ్ళు ఎక్కువ. పాదిరిగారు గేటు దగ్గర తానే నిలబడ్డారు. క్రాస్లీ తల్లి ఇంటి నుంచి ఒక కుర్చీ మోయించుకొచ్చి, పొలం చుట్టూ కట్టిన తాడు పక్కన వేయించుకుంది. చిన్న మనిషి. నల్ల శాలువా, మగవాళ్ళ బూట్లు. సైలస్‌ని చూపించమని ఎవర్నీ అడగలేదు.

ఆట మొదలైంది. ఐజక్ బంతితో ఎడమవైపు నుంచి వచ్చాడు. సైలస్ పక్కకు జరిగాడు. మళ్ళీ వచ్చాడు, మళ్ళీ జరిగాడు. మూడోసారి ఐజక్ తిన్నగా వెళ్ళి గోల్ వేశాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనక్కి వస్తూ ఐజక్ సైలస్ ముందు ఆగాడు. నేను దగ్గర్లోనే ఉన్నాను.

"పక్కకి జరగడానికి విట్బీ నుంచి రైలెక్కి రావాలా? మా గొర్రెలు జరుగుతాయి, పిలవకపోయినా."

సైలస్ తల వంచుకున్నాడు.

"మా వాడిని ఆపావా లేదా? నేనంటే వాడికన్నా తక్కువా నీకు?"

అంతే అన్నాడు. గొంతు పెంచలేదు.

రెండో సగంలో ఐజక్ మళ్ళీ వచ్చాడు. పూర్తి వేగంతో. ఈసారి సైలస్ నిలబడ్డాడు. భుజానికి భుజం తగిలిన చప్పుడు నాకు వినపడింది. బంతి గీత దాటి పోయింది, ఐజక్ పడ్డాడు. బురదలో వెల్లకిలా పడి కదల్లేదు. పొలం మీద ఒక్క మనిషి అడుగు వేయలేదు. తాడు పక్కన తల్లి కుర్చీలోంచి లేచింది. సైలస్ మొహం నేను వర్ణించను.

ఐజక్ మోచేతుల మీద లేచాడు. బురద ఉమ్మాడు. చుట్టూ చూశాడు.

"త్రో ఎవరిది?" అన్నాడు.

ఆఖరికి రిఫరీ, "మీదే" అన్నాడు. "మరి ఇవ్వండి" అన్నాడు ఐజక్. బంతి తెచ్చి ఇచ్చారు. జనంలోంచి ఎవడో స్టోన్‌హే వాళ్ళని ఒక బూతుమాట అన్నాడు. మిగతావాళ్ళు తిరిగి అన్నారు. ఆ తర్వాత అది మామూలు ఆట అయిపోయింది. అందరం ఒకర్నొకరు గుద్దుకున్నాం. నా మోకాలు మళ్ళీ పోయింది. మూడు-ఒకటి తేడాతో ఓడిపోయాం, ఆ ఒక్కటీ వాళ్ళవాడి కాలికి తగిలి పడ్డ గోల్.

ఆట అయ్యాక సైలస్ తిన్నగా ఆ కుర్చీ దగ్గరికి వెళ్ళాడు. నేను కుంటుతూ వెనక వెళ్ళాను, అవసరమైతే తీసుకురావచ్చని. ఆవిడ తలెత్తి అతన్ని చాలాసేపు చూసింది.

"కూర్చో. నిన్ను చూడాలంటే మెడ నొప్పెడుతోంది" అంది.

గడ్డిలో కూర్చున్నాడు.

"నేనెప్పుడూ వాడి ఆట చూళ్ళేదు. శనివారం వెన్న తీసే రోజు, కుదరదు. ఇంటికొచ్చి వాడే చెప్పేవాడు. సగం కోతలనుకునేదాన్ని." శాలువా సర్దుకుంది. "ఎలా ఆడేవాడు?"

అక్కా, సైలస్ అంత మాట్లాడటం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"కోతలు కాదమ్మా. పట్టుకోవడం చాలా కష్టం. ఇటు పోతున్నట్టు భుజం వంచుతాడు, మనమూ ఇటే ఒరుగుతాం, ఆ లోపల వాడు అవతలుంటాడు. బంతి పాదానికి కుట్టినట్టే ఉంటుంది. మూడుసార్లు దాటిపోయాడు నన్ను. మూడుసార్లూ ఒకే ఎత్తు, తెలిసి కూడా మోసపోయా. ఈ చుట్టుపక్కల నన్నట్టా దాటినవాడు ఇంకోడు లేడు. దాటి వెనక్కి తిరిగి ఎక్కిరించేవాడు."

"ఏమని?"

సైలస్ చెప్పడానికి సందేహించాడు. ఆవిడ చూస్తూనే ఉంది. "కొలిమి దగ్గర నిద్రపోయొచ్చావా మావా, అని."

ఆవిడ పెదవి ఒక మూల కదిలింది. "వాళ్ళ నాన్నా అంతే. సంతలో ఒకవైపు చూస్తూ ఇంకోవైపు బేరం తెగ్గొట్టేవాడు. తెగ్గొట్టాక ఊరుకోడు, ఎక్కిరించాలి." కుర్చీ చేతుల మీద చేతులానించుకుంది. "ఆ భుజం వంచడం, మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాడు. ఈసారి లేచి నిలబడి చేసి చూపించాడు. అంత మనిషి, ఆ సన్నటివాడిలా భుజం వంచి, ఇటు అటు. చూస్తున్నవాళ్ళు ఎవరూ నవ్వలేదు. పొద్దు వాలే దాకా ఆవిడ అడుగుతూనే ఉంది, అతను చెబుతూనే ఉన్నాడు. క్షమించానని ఆవిడ అనలేదు, అతను అడగనూ లేదు. తర్వాత ఐజక్ కుర్చీ భుజానికెత్తుకున్నాడు, తల్లీకొడుకులు కొండదారి పట్టారు.

వచ్చే ఏడాది ఆటలకు సైలస్ పేరు రాసుకోవచ్చా? అడుగుదామనుకునే లోపల బండి వచ్చేసింది.

ఎనక్


విట్బీ,
మార్చి 17

తమ్ముడికి,

రాసుకోవద్దు. అడిగాను. "ఆడి మానేశా, ఇక చాలు" అన్నాడు. మొన్నటి దాకా మానేసింది వేరట, ఇది వేరట. నాకు తేడా తెలిసింది, నీకూ తెలుస్తుందనుకుంటాను.

మే నెలలో మా పెళ్ళి, ముందుగా చర్చిలో మా పేర్లు చదివి ప్రకటిస్తారు. నాన్న లేడు కాబట్టి ఈసారి జవాబు నేనే చెప్పాను. నువ్వు రావాలి. ఆ మోకాలికి ఆవనూనె రాయి.

నువ్వు రాసిన వాటిలో సగం కూడా అతను నాకు చెప్పలేదు. శనివారం బాగా పొద్దుపోయాక వచ్చాడు. ఎంతకి ఓడారన్నాను, చెప్పాడు. వేడిగా సూప్ పెట్టాను, తిన్నాడు. బూట్లు విప్పుతుంటే చూశాను, రెండు మోకాళ్ళకీ పొలం బురద ఎండి అలాగే ఉంది. వేడినీళ్ళు పెట్టాను, కడుక్కోమన్నాను.

"రేపు కడుక్కుంటాలే" అన్నాడు.

టాబితా